బోర్డు పోయిందనే ముందు

"సిస్టమ్ ఆన్ అవట్లేదండి" అన్న ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులుంటాయి. బటన్ నొక్కితే లైటూ వెలగదు, ఫ్యానూ కదలదు. ఇది ఒక రకం. ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతే అది రెండోది. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా తెర నల్లగానే ఉండిపోవడం మూడోది. కంపెనీ బొమ్మ దాకా వచ్చి విండోస్ దగ్గర నిలిచిపోవడం నాలుగోది. దేని కారణం దానిదే. అయినా రిపేరుకి ఇచ్చిన చోట చాలాసార్లు వినబడే తీర్పు మాత్రం ఒకటే: "మదర్‌బోర్డు పోయిందండి, కొత్తది తీసేసుకోండి." ఏ కొలతా తీయకుండా ఈ మాట అనకూడదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత డెస్క్‌టాప్ మొరాయించిందంటే బోర్డుకన్నా ముందు అనుమానించాల్సినవి చాలా ఉన్నాయి: ఉప్పుగాలి, ఎర్త్ లేని ప్లగ్గు, పిడుగులు, నీరసించిన ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును మార్చి బోర్డుకు పంపే పెట్టె), ఒక చిన్న బిళ్ల బ్యాటరీ. వీటిని ఏ వరసలో చూడాలి, ఎక్కడ ఆగాలి అన్నదే ఇక్కడి విషయం.

మూలనున్న డబ్బాకు వెంటనే కరెంటు ఇవ్వకండి

బారువ, భావనపాడు, కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో రెండేళ్లు మూలన పెట్టిన సీపీయూ డబ్బా మూత తీస్తే ర్యామ్ స్లాట్ల పక్కన తెల్లటి పొర, పోర్టుల అంచుల్లో పచ్చటి చిలుము కనబడుతుంది. ఉప్పు కలిసిన దుమ్ము గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టిన ఉప్పులోంచి కరెంటు పారుతుంది. ఎండాకాలంలో ఏ ఇబ్బందీ పెట్టని దుమ్మే ముసురు పట్టిన రోజున రెండు రాగిగీతల మధ్య దారి వేస్తుంది. అందుకే ముందు శుభ్రం, తర్వాతే స్విచ్చి.

వాడని ఒక అంగుళం పెయింటు బ్రష్షు, ఒక బ్లోయరు చాలు. బ్లోయరు పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగిన ఫ్యాను డైనమోలా కరెంటు పుట్టించి బోర్డులోకి పంపగలదు, పైగా బేరింగు పాడవుతుంది. పలాస వైపు జీడి బట్టీలకు దగ్గరున్న దుకాణాల్లో దుమ్ము జిడ్డుగా అంటుకుని ఉంటుంది, గాలికి కదలదు. దానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్షు కావాలి. గోగునార ఆరబెట్టే ఊళ్లలోనైతే ప్రాసెసర్ మీది హీట్‌సింక్ రెక్కల మధ్య పీచు దుప్పటిలా పేరుకుంటుంది. ఫ్యాను విప్పి, పైనుంచి కాకుండా కిందినుంచి ఊదితేనే అది బయటికొస్తుంది. ఎస్‌ఎంపీఎస్ జాలీలోంచి టార్చి వేసి లోపలికి కూడా చూడండి. వెచ్చదనానికి దూరిన బల్లి అందులో చచ్చిపడి ఉండటం అరుదేమీ కాదు, దాని మీద కరెంటు ఇస్తే పేలొచ్చు.

నీళ్లలో మునిగిన డబ్బా సంగతి వేరు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చూసిన జిల్లాలివి, కాబట్టి ఇది తెలిసుండాలి. మొట్టమొదట బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీసేయాలి. ప్లగ్గు పీకినా ఆ మూడు వోల్టులు తడి బోర్డులో పారుతూనే ఉంటాయి, రాగిని తినేస్తూనే ఉంటాయి. తర్వాత బోర్డును ఇన్వర్టరుకు పోసే డిస్టిల్డ్ వాటరుతో కడగాలి. ఎండబెట్టడంకన్నా ఉప్పూ బురదా పోవడం ముఖ్యం. ఆపైన ఆల్కహాల్‌తో ఇంకోసారి కడిగి, నీడలో ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వాలి. మునిగిన ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం బాగుచేయాలని చూడొద్దు, మార్చేయండి. మునిగిన హార్డ్‌డిస్కుకు కరెంటే ఇవ్వకూడదు. మామూలు డిస్కులకు ఊపిరి రంధ్రం ఉంటుంది, నీళ్లు లోపల డేటా ఉండే పళ్లేల దాకా వెళ్లి ఉండొచ్చు. అందులో విలువైనది ఉంటే అది నేరుగా డేటా రికవరీ ల్యాబుకు వెళ్లాల్సిందే.

జిల్లుమంటే అది ఎర్త్ జబ్బు

డబ్బాను ముట్టుకుంటే చేతికి సన్నగా జిల్లుమంటోందా? చాలామంది దీన్ని లీకేజీ అనుకుని ఎస్‌ఎంపీఎస్ మారుస్తారు, కొత్తదీ జిల్లుమంటుంది. దాదాపు ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ ఇనప ఒంటికి చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. గోడ ప్లగ్గులో ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద సుమారు సగం మెయిన్స్, అంటే 115 వోల్టుల దాకా తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ గనక సాధారణంగా ప్రాణం తీయదు గానీ, ఆ స్థితిలో ప్రింటరో టీవీ కేబులో తగిలిస్తే పోర్టు కాలిపోగలదు.

మల్టీమీటరును ఏసీ 750 వోల్టుల మీద పెట్టి ప్లగ్గులో మూడు కొలతలు తీయండి. ఫేజు-న్యూట్రల్ మధ్య 230కి అటూఇటూ రావాలి. ఫేజు-ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. రెండో కొలత ఎనభయ్యో వందో చూపిస్తూ ఊగుతుంటే ఎర్త్ తీగ ఎక్కడా కలిసి లేదన్నమాట. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉత్త అలంకారమే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ గొయ్యి నుంచి తీగ లాగించడం కంప్యూటరు రిపేరులో భాగమే అనుకోండి.

యూపీఎస్ ఉన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గులో ఒకసారి చూడాలి. అందులోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. అప్పుడు కరెంటు రెప్పపాటు పోయినా సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, నింద విండోస్ మీద పడుతుంది.

ఊదారంగు తీగ చెప్పే కబురు

ఇక మొదటి జబ్బు: ఏమీ కదలకపోవడం. ఎస్‌ఎంపీఎస్ వెనక 115/230 అని ఎర్ర స్విచ్చి ఉంటే అది 230 మీదే ఉందో లేదో ముందు చూడండి. పొరపాటున 115 మీదుంటే మన కరెంటుకు ఢామ్మంటుంది.

మీటరును డీసీ 20 వోల్టుల మీదికి మార్చి, బోర్డుకు తగిలించిన 24 పిన్నుల కనెక్టరు వెనకనుంచి నల్ల ప్రోబును నల్ల తీగలో, ఎర్ర ప్రోబును ఊదారంగు తీగలో గుచ్చండి. బటన్ నొక్కకపోయినా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ అక్కడ 5 వోల్టులు ఉండాలి. లేవంటే ఎస్‌ఎంపీఎస్ చచ్చింది, లేదా దాని దాకా కరెంటే రావట్లేదు. ఉన్నాయంటే అనుమానం పవర్ బటన్ మీదికి మళ్లాలి. ముందు ప్యానెల్ నుంచి బోర్డుకు వచ్చే పవర్ స్విచ్చి జత తీగలు పీకి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవరు మొనతో ఒక్క సెకను కలపండి. అప్పుడు ఆన్ అయితే చెడింది బటనే. రీసెట్ బటన్ తీగను ఆ పిన్నుల మీదికి మార్చుకుంటే పైసా ఖర్చు లేకుండా పని తీరిపోతుంది.

బటన్ ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. తుప్పుకో జిడ్డుకో లోపలికి నొక్కుకుపోయి అక్కడే ఇరుక్కుంటే, సిస్టమ్ ఆన్ అయి సరిగ్గా నాలుగు సెకన్లకు ఆగిపోతుంది. బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే బలవంతంగా ఆపేయడం బోర్డుకున్న నియమం, అది తన పని తాను చేస్తోందంతే. ఇలాంటి డబ్బాలకు "బోర్డు షార్టు" అన్న పేరు పడిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించాలంటే 24 పిన్నుల కనెక్టరును బోర్డు నుంచి పీకి, పచ్చ తీగనూ ఏదో ఒక నల్ల తీగనూ చిన్న వైరు ముక్కతో కలపాలి. లోడుకు ఒక పనికిరాని పాత డిస్కో ఫ్యానో తగిలించండి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. ఖాళీగా సరిగ్గా చూపించి లోడు పడగానే కుంగిపోయేవి చాలా ఉంటాయి. అందుకే బోర్డుకు తగిలించి, ఆన్ చేసి మళ్లీ కొలవాలి. కొన్ని బ్రాండెడ్ సిస్టమ్‌లలో కనెక్టరు ఆకారం, తీగల రంగులు వేరుగా ఉంటాయి, ఈ రంగుల లెక్క వాటికి పనికిరాదు. ఒక్క హెచ్చరిక: ఎస్‌ఎంపీఎస్ మూత విప్పొద్దు. 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారి 320 దాటుతుంది, ప్లగ్గు పీకాక కూడా అది పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు నిలవుంటుంది.

ఒక్క క్షణం తిరిగి ఆగిపోయే రెండో జబ్బు ఎక్కువగా షార్టే. ఎస్‌ఎంపీఎస్ దాన్ని పసిగట్టి తనను తాను కట్టేసుకుంటుంది. కనుక ఒక్కొక్కటే పీకుతూ రావాలి. ముందు డిస్కులు, డీవీడీ, తర్వాత కార్డులు. ముందు ప్యానెల్ యూఎస్‌బీ పోర్టులో నాలుక విరిగి పిన్నులు ఒకదానికొకటి తగులుతున్నా ఇలాగే అవుతుంది. హార్డ్‌డిస్కు తీయగానే సిస్టమ్ లేచి కూర్చుంటే, డిస్కు కింది సర్క్యూటులో 12 లేదా 5 వోల్టుల లైనుకు కాపలాగా పెట్టిన చిన్న డయోడ్ షార్టయి ఉండొచ్చు. పాడైన ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ వోల్టేజీ వదిలితే ఆ డయోడ్ తాను చచ్చి డిస్కును కాపాడుతుంది. ఇలాంటి డిస్కులో డేటా చాలావరకు భద్రంగానే ఉంటుంది. చిప్ లెవెల్ పని తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, చెత్తలో వేయకండి.

తిరుగుతుంది, కనబడదు

మూడో జబ్బులో ముందు సులువైనవి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌కు మానిటర్ కేబులు బోర్డు మీది పోర్టులో పెడితే తెర నల్లగానే ఉంటుంది. ప్రాసెసర్ పక్కనుండే నాలుగు పిన్నుల 12 వోల్టుల కనెక్టరు వదులైనా ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ రాదు.

ఆ తర్వాత ర్యామ్. ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనివ్వండి. ర్యామ్ తీసి బంగారు రంగు గీతలను తెల్ల రబ్బరుతో ఒకే దిక్కుగా రుద్దండి. మురికి రబ్బరు మీదికి నల్లగా దిగడం కళ్లకు కనబడుతుంది. రబ్బరు పొట్టు బ్రష్షుతో దులిపి, ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడిచి, ఒక్క ర్యామ్‌నే మొదటి స్లాటులో రెండువైపులా టిక్కుమనే దాకా నొక్కండి. రాకపోతే రెండో స్లాటు. తర్వాత రెండో ర్యామ్‌తో ఇదే వరస. స్లాటు లోపలా చిలుము పట్టి ఉండొచ్చు, మెత్తటి టూత్‌బ్రష్షును ఆల్కహాల్‌లో ముంచి నెమ్మదిగా ఆడించండి. మన తీరపు గాలిలో ఈ పది నిమిషాల పనికే కళ్లు తెరిచే డబ్బాలు ఎన్నో.

ఇంకా రాకపోతే బోర్డును డబ్బాలోంచి బయటికి తీసి, చెక్క బల్ల మీద పెట్టి, ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మాత్రమే తగిలించి చూడాలి. బయట పనిచేసి లోపల చేయకపోతే, బోర్డు కింద ఎక్కడో అదనపు ఇత్తడి స్టాండో రాలిపడ్డ స్క్రూయో రాసుకుంటోందని అర్థం. బోర్డు మీద చిన్న స్పీకరు ఉంటే దాని బీప్‌లు సాక్ష్యం చెప్తాయి. ఆగకుండా మోగే పొడుగు బీప్‌లు సాధారణంగా ర్యామ్‌వి. ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు అవార్డ్ కంపెనీ బయాస్‌లో (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రాము) డిస్‌ప్లేవి. అదే బీప్‌కు వేరే కంపెనీ బయాస్‌లో వేరే అర్థం ఉండొచ్చు, బోర్డు పేరు చూసి సరిచూసుకోండి.

ఇప్పుడు ప్రాసెసర్ చుట్టూ నిలబడ్డ చిన్న డ్రమ్ముల్లాంటి కెపాసిటర్లను చూడండి. పైమూత చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అవి పోయినట్టే. 2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం ద్రవం వల్ల ఇది ప్రపంచమంతా వచ్చిన జబ్బు. మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ ఉండాలి, 105 డిగ్రీల రకం అయి ఉండాలి, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్నదే కావాలి. రేడియో రిపేరుకు వాడే మామూలు కెపాసిటరు త్వరలోనే మళ్లీ ఉబ్బుతుంది. బోర్డు రాగిపొర వేడిని లాగేస్తుంది కాబట్టి 25 వాట్ల టంకం కడ్డీకి సీసం కరగదు, 60 వాట్లది కావాలి. తీసే ముందు ఫొటో తీయండి. మైనస్ వైపు రంగేయడం మామూలు ఆనవాయితీయే గానీ, కొన్ని బోర్డుల మీద అది తిరగబడి ఉంటుంది.

బిళ్ల బ్యాటరీ, దాని వెనకున్న ఉచ్చు

తారీఖు ఎప్పుడూ పాతదే చూపిస్తూ, ఎఫ్1 నొక్కమని అడుగుతుంటే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. తారీఖు తప్పైతే బ్రౌజరు బ్యాంకు సైట్లనూ ప్రభుత్వ పోర్టళ్లనూ తెరవదు, భద్రతా సర్టిఫికెట్ చెల్లదంటుంది. జనం "నెట్ పోయింది" అనుకుంటారు. మార్చడం నిమిషం పని.

కానీ మార్చగానే, అప్పటిదాకా పనిచేసిన విండోస్ నీలి తెర చూపించి 7బి అంకెతో ఆగిపోతే కంగారు పడకండి. బ్యాటరీ తీయడంతో బయాస్ తన మొదటి అమరికలకు వెళ్లిపోయింది. అందులో సాటా మోడ్ (డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి) అనే చోట ఐడీఈ, ఏహెచ్‌సీఐలలో ఒకటి ఉంటుంది. విండోస్ ఏ మోడ్‌లో ఎక్కించారో అదే ఉండాలి. ఒకటి పనిచేయకపోతే రెండోది పెట్టి చూడండి. ఇది తెలియక విండోస్ మళ్లీ ఎక్కించి, సి డ్రైవులోని ఫొటోలూ లెక్కలూ పోగొట్టుకున్నవాళ్లు ఎంతమందో. బ్యాటరీ తీసే ముందే బయాస్‌లోని ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే ఈ బెడదే లేదు.

అన్నిటికన్నా ముందు డిస్కు

నాలుగో జబ్బు, విండోస్ దగ్గర నిలిచిపోవడం. ఇక్కడ తొందరపాటు అన్నిటికన్నా ఖరీదు. డబ్బా మళ్లీ దొరుకుతుంది, లోపలిది దొరకదు. డిస్కు టక్... టక్... అని లయగా కొడుతుంటే వెంటనే ఆపేయండి. డేటా చదివే తల పళ్లేన్ని గీరుతుండొచ్చు, ప్రతి నిమిషమూ నష్టమే. శబ్దం లేకుండా మెల్లగా ఉంటే డిస్కు తన గురించి తాను రాసుకునే స్మార్ట్ లెక్కలను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చూడండి. 05, సీ5, సీ6 వరసల్లో సున్నా కాకుండా అంకెలుండి, అవి పెరుగుతుంటే డిస్కు చచ్చిపోతోంది. సీ7 ఒక్కటే పెరుగుతుంటే చాలావరకు డిస్కు బాగానే ఉంది, చెడింది దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబులు. ఒక్క కేబులు మార్పుతో పోయే జబ్బుకు డిస్కును బలి పెట్టకండి.

చచ్చిపోతున్న డిస్కు మీద విండోస్‌లోని చెక్‌డిస్క్ నడపొద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తుందే తప్ప మీ ఫైళ్లను కాపాడదు, అరిగిన తలతో డిస్కును తిప్పి తిప్పి చదివి, దాని మీద మార్పులు రాస్తుంది. చేయాల్సింది ఇది: లైనక్స్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో మొత్తం డిస్కును, అంతే సైజుదో పెద్దదో అయిన ఇంకో డిస్కులోకి కాపీ చేయడం. మొదటి విడతలో చదవగలిగినదంతా తీసుకుని, మొండికేసిన చోట్లను దాటేయమనాలి. ఎక్కడిదాకా చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు తప్పకుండా పెట్టాలి. అది ఉంటే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటినుంచే మొదలవుతుంది. రెండో విడతలో ఆ మొండి చోట్లను మూడుసార్లు ప్రయత్నించమనండి. ఆపైన వెతుకులాటంతా కాపీ మీదే.

ఏం కాపాడాలో కూడా చెప్పుకోవాలి. లెక్కల కోసం ట్యాలీ వాడే దుకాణాల్లో డేటా ఫోల్డరు లోపల అంకెల పేర్లతో ఉండే ఫోల్డర్లే కంపెనీ లెక్కలు, వాటిని పూర్తిగా తీసుకోవాలి. రాజాం, నరసన్నపేట, చీపురుపల్లి లాంటి పట్టణాల డీటీపీ సెంటర్లలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లు కాపీ చేసి ఫాంట్లు మరిచిపోవడం తరచూ జరిగే తప్పు. అను ఫాంట్లలో టైపు చేసిన శుభలేఖ ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనబడతాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు. విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డరంతా, అను ఇన్‌స్టాలరు, దాని డాంగిల్ (లైసెన్సు కోసం పోర్టులో పెట్టే ముక్క) ఉంటే అదీ, అన్నీ కలిపి ఒకే మూట.

ఏది మిగల్చాలి, దేనికి ఖర్చు పెట్టాలి

బోర్డు మీది చిప్‌సెట్ పేరు చూసి నిర్ణయించండి. జీ31 అయితే ర్యామ్ 4 జీబీ దాటదు. టైపింగుకు తప్ప దాని మీద డబ్బు పెట్టొద్దు. జీ41 8 జీబీ దాకా తీసుకుంటుంది. డీడీఆర్3 రకం జీ41కి 4 జీబీ ర్యామ్ కొంటే రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నదే అడిగి తీసుకోండి, ఒకవైపే 8 చిప్పులుండే కొత్త రకం ఆ బోర్డు గుర్తించదు. హెచ్61 అయితే మాత్రం ఖర్చు పెట్టొచ్చు, 16 జీబీ దాకా పడుతుంది.

ఇంతకన్నా పెద్ద తేడా తెచ్చేది ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని డిస్కు). ఈ బోర్డుల్లో సాటా వేగం 3 గిగాబిట్లే, ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగంతో నడవదు. అయినా పాత డిస్కు చిన్న చిన్న ఫైళ్లు వెతికేటప్పుడు సెకనుకు ఒక ఎంబీ కూడా చదవలేదు. ఎస్‌ఎస్‌డీ పెడితే ఆ నత్తనడక పోతుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది, విండోస్ 11 ఈ పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. 4 జీబీ ర్యామ్ ఉంటే లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం పిల్లల చదువుకూ ఆన్‌లైన్ దరఖాస్తులకూ హాయిగా నడుస్తుంది, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటుంది.

పిడుగుకు ల్యాన్ పోర్టు ఒక్కటే పోతే బోర్డు మార్చొద్దు. బయాస్‌లో దాన్ని ఆపేసి యూఎస్‌బీ ల్యాన్ అడాప్టరు పెట్టుకోండి. ఉరుముల వేళ పవర్ ప్లగ్గుతో పాటు నెట్ కేబులూ పీకాలి, దెబ్బ ఎక్కువగా అటునుంచే వస్తుంది. పాత టీవీఎస్ గోల్డ్ కీబోర్డును పారేయకండి, మీటల కింద దుమ్ము తీస్తే ఇంకా ఏళ్లు వస్తుంది. సీఆర్‌టీ మానిటరును మాత్రం ఎవరూ విప్పొద్దు. గొట్టంలో వేల వోల్టులు నిలవుంటాయి, గాజులో సీసం ఉంటుంది. రాగి కోసం కేబుళ్లు కాల్చేవాళ్లకు కాకుండా, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణదారుకే ఇవ్వండి.

పేజ్‌మేకర్ కోసం పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌నే నమ్ముకున్న డీటీపీ సెంటర్లకు చివరగా ఒక పని. ఆ డిస్కు బాగున్నప్పుడే దాన్ని యథాతథంగా రెండు డిస్కుల్లోకి క్లోన్ చేయండి. ఒకటి డబ్బాలో పెట్టి నడిపి చూడండి, రెండోది తారీఖు రాసి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని కవరులో పెట్టి బీరువాలో దాచండి. ఆ సిస్టమ్‌కు నెట్ కేబులు తగిలించొద్దు. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవులను వేరే సిస్టమ్‌లో వైరస్ స్కాన్ చేశాకే దానికి పెట్టండి.